బొందలగడ్డకున్న రక్షణ రాక్షసి బల్లి బొక్కలకేది?

(శిలాజ స్థలాలు, గనుల చట్టం అనే అంశం మీద విద్యార్థులు, ఉద్యోగులు కూడిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



హైదరాబాద్‌లో నౌబత్ పహాడ్ మీద బిర్లా సైన్స్ సెంటర్ ఉన్నది. మీలో చానమంది స్కూల్ల ఉన్నప్పుడు టూరుకు పోయి చూసే ఉంటరు. అక్కడ ఒక పెద్ద అస్థిపంజరం నిలబెట్టి ఉంటది. పిల్లలు దాని కింద నిలబడి ఫోటోలు దిగుతరు. "డైనోసార్, డైనోసార్" అని కేకలు పెడతరు. ఎక్కడిదిరా అది అని అడిగితే, అమెరికాది అని ఒకడంటడు, సినిమాది అని ఇంకొకడంటడు. అది మనది. పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి ఊరి మట్టిలోంచి తీసింది.

దాని పేరు కోటాసారస్ యామన్‌పల్లిఎన్సిస్. 1970ల చివర జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వాళ్లు తవ్వి తీసిండ్రు. ఆ సంస్థ శాస్త్రవేత్త పి. యాదగిరి 1988లో దానికి పేరు పెట్టి లోకానికి చెప్పిండు. సుమారు 17, 18 కోట్ల ఏండ్ల కింద ప్రాణహిత లోయలో తిరిగిన జంతువు. ఆకు అలము తిని బతికేది. తొమ్మిది మీటర్ల పొడుగు.

ఇక్కడ రెండు లెక్కలు చెప్తం, మనసులో పెట్టుకోండి. దొరికిన బొక్కల ముక్కలు 840. కనీసం 12 జంతువులవి. అవన్నీ దొరికిన జాగ 2,400 చదరపు మీటర్లు. మన లెక్కలో చెప్తే 24 గుంటలు. ఎకరం కూడ కాదు. మన ఊర్లో ఒక ఇటుక బట్టీ పెట్టుకునే జాగ, ఒక కంకర మిల్లు ముందర లారీలు తిప్పుకునే జాగ. అంత చిన్న జాగలో లోకమంతా చెప్పుకునే సంపద ఉన్నది. దాని మీదికి శాస్త్రవేత్తలకంటే ముందు పొక్లెయిన్ పోయి ఉంటే, అది వారం దినాల పని. 840 ముక్కలు ఏ రోడ్డు కిందనో, ఏ చెరువు కట్టలోనో మొరంగా కలిసిపోయేటివి. ఎవరికీ తెల్వకపోయేది. కేసు కాకపోయేది. జుర్మానా పడకపోయేది. ఎందుకంటే అట్ల చేయడం మన దేశంలో ఏ గనుల చట్టం కిందా నేరం కాదు.

ఈ ముచ్చట చెప్పడానికే మేము ఇయ్యాల మీ ముందుకు వచ్చినం.

ముందుగాల మన దగ్గర ఏమున్నదో తెలుసుకుందాం. లేకపోతే ఏం పోతున్నదో కూడ తెల్వదు.

ప్రాణహిత, గోదావరి లోయ అంటే మనకు బొగ్గు గుర్తుకొస్తది, సింగరేణి గుర్తుకొస్తది. న్యాయమే. బొగ్గు కూడ శిలాజమే కద. 25 కోట్ల ఏండ్లకు పైబడి కింద కూలిన అడవి. చట్టానికి టన్నుల్లెక్కన తెలిసిన శిలాజం అదొక్కటే. బొగ్గు పొరల మీద, ఇంకా పైకి వచ్చిన కొద్దీ, ఒక్కొక్క కాలానికి ఒక్కొక్క పొర ఉన్నది. ఎర్రపల్లి పొర, భీమారం పొర, మాలేరి పొర, ధర్మారం పొర, కోటా పొర. ఇవన్నీ ఊర్ల పేర్లు. భూగర్భ శాస్త్రం పుస్తకంలో ఈ ఊర్లకు శాశ్వతంగా చోటు దొరికింది.

జంతువుల పేర్లు వినండి. ధర్మారం పొరలో దొరికిన దానికి 2007లో లాంప్లుసారా ధర్మారమెన్సిస్ అని పేరు పెట్టిండ్రు. 2011లో ఇంకో రెండింటికి జక్లపల్లిసారస్, నంబాలియా అని జక్లపల్లి, నంబాల ఊర్ల పేర్లు పెట్టిండ్రు. మాలేరి పొరలోదే ఇంకొకటి, 2025లో లోకానికి చెప్పింది, దాని పేరు మాలేరిరాప్టర్. ఎర్రపల్లి పొరలో దొరికిన ఒకదాని పేరు యరసూకస్. యర అంటే అక్కడి స్థానికుల మాటలో ఎరుపు, ఆ ఎర్ర మట్టిని చూసి పెట్టిండ్రు. మాకు అన్నిటికంటే ముద్దొచ్చిన పేరు ఇంకొకటి ఉన్నది. 2021లో వచ్చింది. భారీతలసూకస్. నవ్వకండి. నిజంగనే మన తెలుగు మాటలు, భారీ తల అని. మొసలికి దూరపు చుట్టం లాంటి పెద్ద వేట జంతువు. తల అంత పెద్దది కాబట్టి తెలుగులోనే ఆ పేరు పెట్టిండ్రు. లండన్‌లో, బ్యూనస్ ఎయిర్స్‌లో కూసున్న శాస్త్రవేత్త ఈ పేర్లు తడబడకుండ పలుకుతడు. ఆ ఊర్ల బడి పిల్లల్లో ఎంతమందికి తెలుసు?

ఇందులో ఇంకో సంగతి ఉన్నది. భారీతలసూకస్ బొక్కలు కొత్తగా తవ్వినవి కావు. గత శతాబ్దంలో తవ్వి కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో దాచిపెట్టినవి. ఏండ్ల తర్వాత ఇంకొకరు మళ్లా చూసి, అరె, ఇది కొత్త జంతువు అన్నరు. అంటే బొక్కను జాగ్రత్తగా తీసి, ఎక్కడ తీసినమో రాసి దాచిపెడితే, అది తర్వాతి తరంతో కూడ మాట్లాడుతది. లారీలో ఎత్తిపోస్తే ఎవరితోనూ మాట్లాడది.

ప్రాణహిత దాటితే సిరోంచ. మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా అయినా జనం తెలుగు మాట్లాడుతరు, మనకు పిల్లనిచ్చి పిల్లను తెచ్చుకునే తావు. అక్కడ పోచంపల్లి అనే ఊరున్నది. చీరల పోచంపల్లి కాదు. ఆ ఊరి దగ్గర దొరికింది బారాపాసారస్ టాగోరై. 1960, 61 ప్రాంతంలో తవ్వితే కనీసం ఆరు జంతువులవి సుమారు 300 బొక్కలు వచ్చినయి. ఒక్క తొడ బొక్కనే 1.7 మీటర్లు, మనిషంత పొడుగు. బెంగాలీలో బారా పా అంటే పెద్ద కాలు. 1961 రవీంద్రుడి శతజయంతి ఏడు కాబట్టి టాగోర్ పేరు కలిపిండ్రు. 1975లో పేరు ప్రకటించిండ్రు. అస్థిపంజరం కోల్‌కతాలో నిలబడి ఉన్నది. తెలుగు మాట్లాడే ఊరి జంతువుకు బెంగాలీ పేరేంది అని మా మిత్రుడు ఒకాయన అలిగిండు. మేమేమో అలగం. మహలనోబిస్ పిలిస్తే లండన్ నుంచి పమేలా రాబిన్సన్ అనే ఆమె వచ్చి ఆ పని మొదలుపెట్టింది. వాళ్లు ఎండలో కష్టపడ్డరు, జాగ్రత్తగా తీసిండ్రు, భద్రంగా పెట్టిండ్రు. పేరు పెట్టే హక్కు పని చేసినోళ్లది. మన అలక ఎవరి మీద ఉండాలె అంటే, ఆ నేలను ఇప్పుడు పట్టించుకోని మన మీదనే.

ఎందుకంటే ఒక రహస్యం చెప్తం. కోటాసారస్‌కు తల దొరకలె. రెండు పండ్లు తప్ప తల బొక్క ఏదీ దొరకలె. బారాపాసారస్‌కూ అంతే, పండ్లు దొరికినయి, తల లేదు. ఇంత పెద్ద జంతువు, మెడ ఉన్నది, నడుము ఉన్నది, కాళ్లున్నయి, మొఖం ఎట్లుంటదో తెల్వదు. ఆ తల ఇంకా మన మట్టిలోనే ఉండొచ్చు. ఏ వానకో బయటపడి ఏ గొర్ల కాపరి కంట పడొచ్చు. ఏ బకెట్‌కో తగిలి పొడి పొడి కావొచ్చు. రెంటిలో ఏది ముందైతదో అనేదే ఇయ్యాలటి ప్రశ్న.

ఇదంతా ఆదిలాబాద్ ముచ్చట, మాకేంది అనుకోకండి. పాత రంగారెడ్డి, ఇప్పటి వికారాబాద్ జిల్లాలో నస్కల్ అనే ఊరున్నది. దక్కను నల్లరాయి ఒకప్పుడు లావాగా పొరలు పొరలుగా పారింది. ఒక పారకానికి ఇంకో పారకానికి నడుమ ఏండ్ల తరబడి ఎడం వచ్చినప్పుడు చెరువులు, కుంటలు ఏర్పడ్డయి. ఆ కుంటల మట్టి నల్లరాళ్ల నడుమ సన్న పొరగా మిగిలింది. నస్కల్ దగ్గర ఆ మట్టిని జల్లెడ పట్టి కడిగితే చిట్టి చిట్టి పండ్లు దొరికినయి. కంటికి ఆననంత చిన్నవి. వాటిని బట్టి డెక్కనోలెస్టిస్ అనే చిన్న పాలిచ్చే జంతువును 1988లో లోకానికి చెప్పిండ్రు. రాక్షసి బల్లుల ఆఖరి కాలంలో, 6 కోట్ల 60 లక్షల ఏండ్ల నాటి మన దేశంలో ఎలుకంత జీవులు ఎట్ల బతికినయో చెప్పే సాక్ష్యం అది. ఇప్పుడు ఆలోచించండి. నల్లరాయి అంటే కంకర. కంకర మిల్లుకు పైరాయి కావాలె, కింది రాయి కావాలె. నడుమ ఉన్న సన్న మట్టి పొర చెత్త. చెత్తను ముందుగాల ఊడ్చి పారేస్తరు.

సరే, చట్టం ముచ్చటకు వద్దాం.

ఈ పని మీద తిరిగేటప్పుడు మేము ఒక గనుల ఆఫీసుకు పోయినం. ఏ జిల్లానో చెప్పం, ఎందుకంటే అక్కడున్న మనిషి తప్పేం లేదు, మంచిగనే కూసోబెట్టి మాట్లాడిండు. "సార్, లీజు దరఖాస్తులో శిలాజాల కోసం ఏమన్న కాలమ్ ఉన్నదా?" అని అడిగినం. ఆయన కాసేపు ఆలోచన చేసి, "శిలాజం అంటే మేజర్ మినరలా, మైనర్ మినరలా? సీనరేజి ఎంతుంటది?" అన్నడు. మేము నవ్వినం, ఆయన నవ్విండు. బయటికొచ్చినంక మాకు నవ్వు రాలె. ఆయన అన్నది చట్టం అన్నమాటనే. ధర లేని దాన్ని గనుల చట్టం చూడది.

1957 నాటి గనులు, ఖనిజాల అభివృద్ధి, నియంత్రణ చట్టం తీసుకోండి. ఖనిజం తవ్వుడెట్ల, అమ్ముడెట్ల, రాయల్టీ ఎంత, లీజు ఎన్నేండ్లు, అన్నీ ఉన్నయి. శిలాజం లేదు. దాని కింద 1960లో వచ్చిన ఖనిజ రాయితీ నిబంధనల్లో ఒక మంచి షరతు ఉన్నది. లీజు తీసుకున్నాయన సున్నపురాయి కోసం తవ్వుతుంటే ఇంకేదన్న ఖనిజం కనపడితే, 60 రోజుల్లో రాష్ట్ర ప్రభుత్వానికి చెప్పాలె. 2016లో నిబంధనలు మార్చినా ఈ షరతు పోలేదు. అంటే ఇత్తంత రాగి రాయి కనపడితే కాయితం పెట్టాలె. 17 కోట్ల ఏండ్ల జంతువు వెన్నుపూస కనపడితే కాయితం అవసరం లేదు.

ఇంకోటి వినండి. ఆ పాత నిబంధనల వెంట ఒక లీజు పత్రం నమూనా ఉన్నది. అందులో రాసి ఉన్నది, శ్మశానం మీద, ఏ వర్గం ప్రజలైనా పవిత్రంగా చూసుకునే జాగ మీద, ఊరి ఇండ్ల మీద, పబ్లిక్ రోడ్డు మీద, రాష్ట్ర ప్రభుత్వం పబ్లిక్ జాగ అని తేల్చిన ఇంకే చోటనైనా, పైభాగం పనులు చేయొద్దు అని. మంచి మాట. మన బొందలగడ్డ జోలికి రావొద్దని చట్టమే చెప్పింది. మేమడుగుతున్నం, కనీసం పన్నెండు జంతువుల బొక్కలు ఒక్క తావున పడి ఉన్న 24 గుంటలు బొందలగడ్డ కాదా? చచ్చినోళ్లకు ఏడ్చేవాళ్లు ఉంటేనే అది బొందలగడ్డనా?

ఇట్లంటే వకీలు మిత్రులు నవ్వుతరు. నవ్వనియ్యండి. కానీ మధ్యప్రదేశ్‌లో ధార్ జిల్లా ముచ్చట ఉన్నది. అక్కడ పాడ్ల్యా అనే ఊరి జనం తాతల నాటి నుంచి కొన్ని గుండ్రటి రాళ్లకు కాకడ్ భైరవ్ అని మొక్కుతున్నరు. పంటను, పశువులను కాపాడే దేవుడని నమ్ముతరు. 2023లో తేలింది, అవి రాక్షసి బల్లి గుడ్లు అని. మన దగ్గర పొలం గట్టు మీద పోశమ్మ రాయి ఎట్లనో అట్ల. చట్టం చేయని పని ఆ ఊరి మొక్కు చేసింది. వాళ్లు మొక్కకపోతే ఆ గుడ్లు గోడ కట్టుడులో పోయేటివి.

మిగతా చట్టాలు చూద్దాం, తొందరగా చెప్తం. 1958 నాటి పురాతన కట్టడాల చట్టం కట్టడం గురించి, సమాధి గురించి, గుహ గురించి, శాసనం గురించి చెప్తది. 1972 నాటి పురావస్తువుల చట్టం నాణెం, శిల్పం, చిత్రం గురించి చెప్తది. రెంటికీ నూరేండ్ల పాతది కావాలె. మన దగ్గర ఉన్నది నూరేండ్లు కాదు, కోట్ల ఏండ్లు, అయినా లెక్కలోకి రాదు. ఎందుకంటే ఆ చట్టాల మనసంతా మనిషి మీదనే ఉన్నది. మనిషి చెక్కినది, మనిషి కట్టినది. వాదించే వకీలు ఉంటే లాగి పీకి శిలాజాన్ని అందులోకి తేవొచ్చునేమో, కానీ శిలాజం అనే మాట మాత్రం అందులో లేదు. అడవి చట్టం కింద, వన్యప్రాణి చట్టం కింద ఉన్న జాగలో దొరికితే అదృష్టం. ప్రాణహిత అభయారణ్యం 1980లో ఏర్పడ్డది, కృష్ణ జింకల కోసం. అది ఉన్నంత మేర జింక పేరు చెప్పుకుని బొక్క కూడ బతుకుతది. జింక లేని చోట?

జియలాజికల్ సర్వే వాళ్లు దేశంలో కొన్ని చోట్లను జాతీయ భూగర్భ స్మారకాలు అని ప్రకటించిండ్రు. తమిళనాడు తిరువక్కరైలో రాయైన చెట్లు, హిమాచల్‌లో సాకేతి, రాజస్థాన్‌లో ఆకల్, ఇట్లాంటివి. సంతోషం. కానీ అది బిరుదు, చట్టం కాదు. పేరు పెడతరు, కంచె వేయడానికి, కాపలా పెట్టడానికి రాష్ట్రం మీద ఆధారపడతరు. కంచె తెంపినోడి మీద కేసు పెట్టాలంటే మళ్లా వేరే చట్టం వెతుక్కోవాలె.

అయినా ఒక మాట ఒప్పుకోవాలె. గని ఉంటే శిలాజం బతకదు అనేది అబద్ధం. ఉదయపూర్ దగ్గర ఝామర్‌కోట్రాలో ఫాస్ఫేట్ గని ఉన్నది. అక్కడ ఖనిజమే శిలాజంలో ఉన్నది, కోట్ల ఏండ్ల కింద సూక్ష్మజీవులు పొరలు పొరలుగా కట్టిన రాయి అది. అక్కడ కొంత భాగం స్మారకంగా మిగిల్చిండ్రు, తవ్వేకాడ తవ్వుతున్నరు. గుజరాత్ బాలాసినోర్ దగ్గర రాక్షసి బల్లి గుడ్లు బయటపడ్డది 1981లో, సిమెంటు రాయి క్వారీలో. అంటే క్వారీ వల్లనే తెలిసింది. ఆ ప్రాంతపు బొక్కల నుంచే 2003లో రాజాసారస్ అనే పేరు వచ్చింది. 2019లో అక్కడ మ్యూజియం తెరిచిండ్రు. ఇయ్యాల రాయియోలి ఊరికి బస్సుల్లో జనం పోతరు.

కాబట్టి మేము గనులు బంద్ చేయమంటలేం. సింగరేణి జీతంతో ఇల్లు నడిచే మిత్రులు ఈ సభలో ముందు వరుసల్లోనే ఉన్నరు. ఓపెన్‌కాస్టుల మట్టి దిబ్బల్లో గ్లాసాప్టెరిస్ ఆకు అచ్చులు మీరు మాకంటే ఎక్కువ చూసి ఉంటరు. నాలుక ఆకారంలో ఉండే ఆకు, నడుమ ఈనె. ఒకటి రెండు ఇంట్లో షోకేసులో కూడ పెట్టుకుని ఉంటరు, దాచకండి, తప్పేం లేదు. మేము అడుగుతున్నది ఆగి చూడమని, చెప్పమని, చెప్పినోడిని సతాయించొద్దని.

ఈ ఆఖరి మాట అసలు మాట. రైతు సంగతి తీసుకోండి. దున్నుతుంటే ఒక గట్టి రాయి తగిలింది. చూస్తే బొక్క లెక్క ఉన్నది. ఆఫీసుకు చెప్తే ఏమైతది? భూమి గుంజుకుంటరేమో, పాసుబుక్కుల పేరు పోతదేమో, రేపటి నుంచి నాగలి పెట్టనియ్యరేమో అని భయం. అప్పుడు తెలివైన రైతు ఏం చేస్తడు? గడ్డపారతో పగలగొట్టి గట్టు మీద పడేస్తడు. మేమున్నా అదే చేస్తం. శిక్ష ఒక్కటే రాసిన చట్టం బొక్కను కాపాడది, పగలగొట్టిస్తది.

కేంద్ర గనుల శాఖ 2022 డిసెంబరులో ఒక ముసాయిదా బిల్లు ప్రజల ముందు పెట్టింది, భూవారసత్వ స్థలాలు, భూఅవశేషాల బిల్లు అని. మంచి ప్రయత్నమే, ఇన్నేండ్లకు ఆ మాట కాయితం మీదికి వచ్చింది. కానీ అందులో అధికారమంతా ఢిల్లీది, జియలాజికల్ సర్వేది. స్థలం ప్రకటించేది వాళ్లే, భూమి సేకరించేది వాళ్లే. రాష్ట్రం పాత్ర, గ్రామ సభ పాత్ర చాన తక్కువ. తవ్వకాల అనుమతి కోసం ఒక్క సంస్థ చుట్టూ తిరగాల్నా అని శాస్త్రవేత్తలు కూడ కొందరు అడిగిండ్రు. ముసాయిదా వచ్చి ఏండ్లు గడిచినయి, చట్టం కాలె. అంతకుముందు 2009లో వారసత్వ స్థలాల కమిషన్ బిల్లు ఒకటి రాజ్యసభకు పోయింది, 2015లో వెనక్కి తీసుకున్నరు. ఢిల్లీ కోసం ఎదురుచూడడం అంటే ఏందో మనకు ఒకరు చెప్పాల్నా?

కెనడాలో అల్బర్టా అనే రాష్ట్రం ఉన్నది. అక్కడ శిలాజం ఎక్కడ దొరికినా రాష్ట్ర ప్రజలది అని చట్టం. 2011 మార్చి 21న అక్కడి తారు ఇసుక గనిలో ఒక పార మిషన్ ఆపరేటర్ పనిచేస్తుంటే, బకెట్‌కు రంగు తేడాగా ఉన్న రాయి తగిలింది. ఆయన మిషన్ ఆపిండు. సూపర్‌వైజర్‌ను పిలిచిండు. అక్కడ పని ఆపి మ్యూజియానికి చెప్పిండ్రు. వచ్చి చూస్తే ఒంటి మీది పెంకులు, తోలు అచ్చుతో సహా రాయైన రాక్షసి బల్లి. మ్యూజియంలో ఒక టెక్నీషియన్ దాని చుట్టూ ఉన్న రాయిని గీకి గీకి తీయడానికి 7,000 గంటలు పనిచేసిండు. 2017లో జనానికి చూపెట్టిండ్రు. ఆ జాతికి పేరు పెట్టేటప్పుడు ఆ టెక్నీషియన్ పేరే కలిపిండ్రు. పెద్దసారు పేరు కాదు, మంత్రి పేరు కాదు, రాయి గీకినాయన పేరు. మిషన్ ఆపిన మనిషి ఉద్యోగం పోలేదు. ఇది పెద్ద దేశం ముచ్చట అని తీసిపారేయకండి. అక్కడా లాభం చూసుకునే కంపెనీనే. కానీ ఏం చేయాల్నో ముందే రాసిపెట్టి ఉన్నది.

మరి మన దగ్గర ఏం రాసిపెట్టొచ్చు? మేము నాలుగు కాయితాలు తిరగేసినం. రాష్ట్రం చేతిలో ఏమీ లేదు అనేవాళ్ల మాట నమ్మకండి.

1957 చట్టం 15వ సెక్షన్ కింద చిన్న ఖనిజాల నిబంధనలు రాసే అధికారం రాష్ట్రానిదే. మొరం, కంకర, ఇటుక మట్టి, ఇసుక, గ్రానైటు, ఇవన్నీ చిన్న ఖనిజాలే. ఎర్ర మట్టి పొర పోయేది, నల్లరాళ్ల నడుమ సన్న పొర పోయేది వీటి వల్లనే. 1966 నాటి చిన్న ఖనిజాల రాయితీ నిబంధనలు మన రాష్ట్రం కూడ తీసుకున్నది. వాటిలో మూడు వాక్యాలు కలిపితే చాలు. శిలాజం కనపడితే ఆ జాగలో పని ఆపాలె. ఇన్ని రోజుల్లో చెప్పాలె. చూసే మనిషి ఇన్ని రోజుల్లో రావాలె. ఈ మూడోది మరువద్దు. చూసే మనిషి ఆర్నెల్లు రాకపోతే క్వారీ యజమాని మాత్రం ఎంతకాలం ఆగుతడు? కూలీ ఎంతకాలం పస్తుంటడు? ఆగిన దినాల లీజు గడువు కలిపి ఇయ్యాలె, కూలి ఇయ్యాలె.

అదే చట్టంలో 4ఏ సెక్షన్ ఉన్నది. ప్రకృతి రక్షణ కోసం, కట్టడాలు, స్మారకాల భద్రత కోసం, ఇంకా అటువంటి ఇతర అవసరాల కోసం లీజును గడువుకు ముందే రద్దు చేయొచ్చు. పెద్ద ఖనిజమైతే కేంద్రం చెప్పాలె, చిన్న ఖనిజమైతే రాష్ట్రమే చేయొచ్చు. లీజుదారు మాట వినాలె, అది న్యాయం. ఈ సెక్షన్‌ను శిలాజం కోసం వాడమని అడగడానికి అడ్డమేముంది?

2024 జూలై 25న సుప్రీంకోర్టులో తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం చెప్పింది, రాయల్టీ పన్ను కాదు, ఖనిజ హక్కుల మీద పన్ను వేసే అధికారం రాష్ట్రాలకు ఉన్నది అని. అన్ని రాష్ట్రాలూ సంబురపడ్డయి. పైసలు వసూలు చేసుకునే హక్కు మాది అన్నప్పుడు, నేల కింద ఏమున్నదో చూసుకునే బాధ్యత మాది కాదు అంటే ఎట్ల?

షెడ్యూల్డ్ ప్రాంతాల్లో 1996 పెసా చట్టం ఉన్నది. చిన్న ఖనిజం లీజుకు ముందు గ్రామ సభ గాని, తగిన స్థాయి పంచాయతీ గాని సిఫారసు చేయాలె. అది తప్పనిసరి. ఏ గ్రామ సభ అయినా, మా ఊరి ఫలానా గుట్ట కింద బొక్క రాళ్లున్నయి, అది వదిలిపెట్టి మిగతాది తీసుకోండి అని తీర్మానంలో రాయొచ్చు. దానికి ఢిల్లీ అవసరం లేదు, హైదరాబాద్ అవసరం లేదు. పెన్ను కావాలె.

ఇగ విద్యార్థులకు పని చెప్తం. 2016 జనవరి నుంచి ప్రతి జిల్లాకు ఇసుక, చిన్న ఖనిజాల మీద జిల్లా సర్వే నివేదిక తయారు చేయాలె. ముసాయిదాను కలెక్టరేట్‌లో, జిల్లా వెబ్‌సైట్‌లో 21 రోజులు పెట్టి జనం అభిప్రాయం అడగాలె. అయిదేండ్లకోసారి మార్చాలె. ఆ 21 రోజుల్లో ఎంతమంది పోయి చదువుతరు? మేము అడిగి చూసినం, మేము చెప్పుకోవడానికి సిగ్గుపడుతున్నం, మాలో కూడ మొన్నటిదాకా ఎవరూ చదవలె. అందులో జిల్లా భూగర్భం గురించి ఒక అధ్యాయం ఉంటది. అక్కడ శిలాజ స్థలాల పేర్లు, సర్వే నంబర్లు ఎక్కితే, రేపు లీజు ఇచ్చే ఆఫీసరు నాకు తెల్వదు అనలేడు. అట్లనే పెద్ద గనికి పర్యావరణ అనుమతి కోసం ప్రజాభిప్రాయ సేకరణ పెడతరు. అక్కడ టెంటు కింద నిలబడి మాట్లాడింది రికార్డు అయితది. దుమ్ము, బాంబుల చప్పుడు, నీళ్లు, ఇవి మనం మాట్లాడతనే ఉన్నం. ఇంకొక్క మాట కలపండి.

సర్వే నంబర్లు బయటపెడితే దొంగలు పోయి తవ్వుకుంటరు కద అని ఒక లెక్చరర్ మిత్రుడు అన్నడు. నిజమే. శిలాజాలకు బజారు ఉన్నది. అందుకని ప్రతి గుంట మ్యాపు గోడకు అతికించమనడం లేదు. ఊరు, సర్వే నంబరు లీజు ఆఫీసులో ఉంటే చాలు, ఖచ్చితమైన తావు శాస్త్రవేత్తల దగ్గర ఉండనియ్యండి. కానీ దాచుడు పేరు మీద ఎవరికీ తెల్వకుండ చేస్తే, దొంగకంటే ముందు లారీనే వస్తది.

ఒక్క సంగతి సైన్స్ విద్యార్థులు మిగతావాళ్లకు చెప్పాలె. బొక్కను ఎత్తుకొచ్చి ఇంట్లో పెట్టుకుంటే కాపాడినట్టు కాదు. సిరోంచ పోచంపల్లి తవ్వకంలో బొక్కలతో పాటు రాయైన పెద్ద పెద్ద చెట్ల మొద్దులు దొరికినయి. వరదలో మంద కొట్టుకొచ్చి పడ్డదేమో అని అంచనా వేసిండ్రు. ఆ చెట్టు, ఆ బొక్క, ఆ పొర ఒక్క తావున ఉన్నయి కాబట్టే అంత కథ తెలిసింది. ఎవరో ముందే మొద్దు ఒకటి తీసుకపోయి తోటలో పెట్టుకుని ఉంటే, కథలో సగం పోయేది. కనపడితే ముట్టకండి. పక్కన పెన్నో, రూపాయి బిళ్లనో పెట్టి ఫోటో తీయండి. తావు రాసుకోండి. యూనివర్సిటీ భూగర్భ శాస్త్రం సార్లకో, జియలాజికల్ సర్వే వాళ్లకో చెప్పండి. ఆ చేను రైతు పేరు మాత్రం పేపర్లో వేయకండి.

దరఖాస్తు ఒకటి రాసి తెచ్చినం. అక్కడ గుమ్మం పక్కన టేబుల్ మీద ఉన్నది. రెండు పేజీలు. మొదటి పేజీ గనుల శాఖకు, చిన్న ఖనిజాల నిబంధనల్లో కలపాల్సిన మూడు వాక్యాలు, కూలి, లీజు గడువు ముచ్చటతో సహా. రెండో పేజీ జిల్లా కలెక్టర్లకు, తర్వాతి సర్వే నివేదికలో చేర్చాల్సిన ఊర్ల పేర్లు. యామన్‌పల్లి, మాలేరి, ఎర్రపల్లి, ధర్మారం, నంబాల, జక్లపల్లి, నస్కల్, ఇప్పటికి ఇవి రాసినం. కింద ఖాళీ గీతలు వదిలినం. మీ ఊరి దగ్గర రాయైన చెట్టు మొద్దో, రాతిలో చేప అచ్చో, ఆకు అచ్చో చూసినవాళ్లు ఊరి పేరు రాసి, ఎవరు చూసిండ్రో, ఏ ఏడు చూసిండ్రో రాయండి. ఉద్యోగులు సంతకం పెట్టడానికి జంకితే ఊరి పేరు ఒక్కటి రాసినా చాలు. చాయ్ అవతల పెట్టిండ్రు, తాగినంక అయినా టేబుల్ దగ్గరికి ఒక్కసారి రండి.